పసుప్పచ్చ పెట్టె

తెర మీద సోంబాబు పెట్టె పైన ఉంది, భూషణం పెట్టె కింద ఉంది. నత్తలపాలెంలో ఆ ఏడు జరిగిందంతా ఇంతే. మిగతాది మసాలా.

అయితే మసాలా లేని రొయ్య ఎవరికి దిగుతుంది? కాబట్టి మొదట్నుంచీ చెప్పుకోవాల్సిందే.

ఉప్పుటేరు పక్కన నత్తలపాలెంలో ఇళ్ళ కంటే రొయ్యల చెరువులు ఎక్కువ. ఆ చెరువుల నీళ్ళు చూడటమనేది ఒక పని, ఆ పని ఇద్దరిదే. తూర్పు గట్టున కామిశెట్టి భూషణం, పడమటి గట్టున యర్రంశెట్టి సోంబాబు. పొద్దున్నే ఎదురెదురుగా నిలబడి, ఒకేసారి వంగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని, వాసన చూసి పారబొయ్యాలి. మేత తగ్గించాలో, నీళ్ళకి గాలి పట్టించే ఫ్యాన్లు తిప్పాలో, నీళ్ళు మార్చాలో చెప్పాలి. ఒక్కడు చాలడా అంటే చాలడు. రొయ్యలు వేసిన మొదటి ఏడు ఒక్కడి మాట మీద నడిచి ఊళ్ళో రెండు చెరువులు, రొయ్యలన్నీ చచ్చి, తెల్లగా తేలిపోయాయి. అప్పట్నుంచి రెండు గట్ల మాటా వినందే ఎవరూ మేత బస్తా మూతి విప్పరు. అది ఆ ఊరి కట్టడి.

సోంబాబు ముందు చెప్తాడు. భూషణం కాదంటాడు. ఇద్దరూ నీటికి అడ్డంగా కాసేపు అరుచుకుంటారు. అరుపులు చల్లారాక మిగిలిందేదో అదే ఆ రోజుకి తీర్పు. ముప్ఫై ఏళ్ళు ఇలాగే నడిచింది.

ఇద్దరూ తక్కువవాళ్ళు కాదు. భూషణం ఓసారి బస్సులో పోతూ పోతూ, కిటికీలోంచి గాలి తగలగానే ‘ఆపండెహె’ అని దిగిపోయి, మూడు చేలు దాటి, మొహమైనా ఎరగని ఓ రైతు చెరువు దగ్గరికెళ్ళి, ‘నీ రొయ్యలకి పొద్దుట్నుంచీ కడుపులో బాగోలేదు’ అని చెప్పి మళ్ళీ అదే బస్సు ఎక్కాడని చెప్పుకుంటారు. అంతసేపూ బస్సు ఆగే ఉందిట, డ్రైవరుకీ చెరువుంది మరి. ఇక సోంబాబు గట్టు మీద నడుస్తుంటే ఆయన నీడ పడ్డంత మేరా రొయ్యలు మీసాలు దించి దణ్ణం పెట్టేవిట. ఈ రెండో కథ భూషణం దగ్గర ఎత్తితే మాత్రం, ‘ఎండకి వాలిపోయుంటాయి’ అనేవాడు.

అనడా మరి? సోంబాబు స్వయానా బావ. భూషణం భార్య మంగాయమ్మకి తోడబుట్టిన అన్నగారు. కాపరానికొచ్చిన నాటినుంచీ ఆవిడ చెరువు సంగతి ఎత్తితే మొదటి ప్రశ్న ఒకటే: “మా అన్నయ్య ఏమన్నాడండీ?” భూషణం ఏమన్నాడన్నది రెండో ప్రశ్న. ఒక్కోరోజు ఆ రెండోది అడగడం మర్చిపోయేది కూడాను. ముప్ఫై ఏళ్ళపాటు రోజూ రెండో ప్రశ్నగా బతకడం ఎలా ఉంటుందో భూషణం పొట్టలోకి తొంగి చూస్తే తెలుస్తుంది. అక్కడ పొయ్యి ఆరింది లేదు.

ఆ పొయ్యిలో కట్టె ఎగదోసింది సువార్త.

సువార్త కైకలూరు వైపు పిల్ల. పెద్ద చదువు చదివి, రొయ్య రైతుల సంఘం ఆఫీసులో గోడంత తెర ఒకటి బిగించింది. ఆ తెర మీద నడిచే పనిముట్టు పేరు ‘అల్లిక’. కంప్యూటరుకి పని చెప్పాలంటే గీతలూ గుర్తులూ పేజీలకి పేజీలు రాయాలి గదా, ఇందులో రాతకోతలు లేవు. పెట్టెలుంటాయి, పెట్టెకీ పెట్టెకీ మధ్య తీగలుంటాయి. అంతే.

మొదటి రోజు ఆ పిల్ల భూషణం చేతికి మౌసు ఇచ్చింది. “లాగండి బాబాయ్ గారూ. ఈ నీలం పెట్టె చెరువులో ఉప్పు ఎంతుందో చెప్తుందండి. ఇదేమో వేడి. ఇది నీళ్ళలో గాలి. వీటి తీగలన్నీ ఆ జల్లెడ బొమ్మ ఉన్న పెట్టెలోకి లాగండి. తప్పుడు లెక్కలు అక్కడ ఆగిపోతాయి. అక్కణ్ణుంచి చివరి పెట్టెలోకి. అది ఎవరి చెరువు బాగోకపోతే వాళ్ళకి ఫోను చేస్తుంది.”

భూషణం లాగాడు. తీగ సాగింది, రెండో పెట్టెకి తగలగానే టక్కున అతుక్కుంది. “ఓస్, పిల్లకాలవలూ లాకులూనూ!” అన్నాడు.

“అంతేనండి. నీళ్ళ బదులు లెక్కలు పారతాయి.”

“మరి వాసనో?”

సువార్త నవ్వింది. ఆ ప్రశ్న కోసమే ఆ పిల్ల వచ్చింది. లెక్కలకి అందేవి పై నీళ్ళు. చెరువు అడుగున కుళ్ళిన బురద ఎప్పుడు తిరగబడి నీళ్ళని విషం చేస్తుందో ఏ మీటరూ చెప్పదు. అది ఈ ఇద్దరికే తెలుసు. వీళ్ళ తర్వాత ఎవరికీ తెలీదు. అందుకని ఆ పిల్ల ఒక కొత్త పెట్టె తయారుచేసింది. దాని పేరు ఒడుపు పెట్టె.

మెడలో తాయెత్తంత కెమెరా బిళ్ళ, తలగుడ్డ లోపల ఒక పట్టీ, వేళ్ళకి పల్చటి రబ్బరు తొడుగులు. నలభై రోజులు ఇవి పెట్టుకుని రోజూ చేసే పని చేసుకుపోతే చాలు. కన్ను ఎటు పోయింది, ఊపిరి ఎక్కడ ఆగింది, నొసలు ఎప్పుడు ముడిపడింది, మాట పెదాల దాకా వచ్చి ఎందుకు వెనక్కిపోయింది, అంతా ఆ పెట్టెలోకి దిగుతుంది. నలభయ్యో రోజుకి మనిషి ఒడుపు మనిషి లేకుండా పనిచేస్తుంది.

ఇద్దరూ తొడుక్కున్నారు. నలభై పొద్దులు మంగాయమ్మ చెరువు దగ్గరే నిలబడ్డారు. ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెరువది. పాలెంలో పల్లపు చెరువు, ఊళ్ళో ఏ తేడా వచ్చినా ముందు అందులోనే కనపడుతుంది. నలభై ఒకటో రోజున తెర మీద రెండు కొత్త పెట్టెలు వెలిశాయి. పసుప్పచ్చది సోంబాబు. ఆకుపచ్చది భూషణం.

పసుప్పచ్చది పైన. ఆకుపచ్చది కింద.

ఆ పంట దివ్యంగా పండింది. ఒక్క చెరువు తేలలేదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఫోను మోగేది, అది చెప్పినట్టు చేసేవారు. నెల తిరిగేసరికి రైతులు గట్టు మీదికి వెళ్ళడం మానేశారు. రెండు నెలలకి భూషణం, సోంబాబు కూడా మానేశారు, పనేముంది గనక? ఇద్దరి ఇళ్ళూ నాలుగు గుమ్మాల దూరమే అయినా, గట్టు మీద అరుచుకోవడం పోయాక మాట్లాడుకోడానికి ఇంకేమీ దొరకలేదు. ఆ సంగతి ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

భూషణం మాత్రం రోజూ ఆఫీసుకి పోయి తెర ముందు కుర్చీ వేసుక్కూర్చునేవాడు.

“అమ్మాయ్, నా పెట్టె కిందెందుకు పెట్టేవు?”

“పైనా కిందా ఏం లేదండి. ఎక్కడ పెట్టినా ఒకటే. తీగ ఎటు పోతుందన్నదే లెక్క.”

“అలాగైతే వాడిది కింద పెట్టు.”

“పెడితే తీగలు ఒకదాని మీదొకటి పడతాయండి. చూడ్డానికి బాగోదు.”

“మా బావ కిందుంటే చూడ్డానికి బాగోదా? ఆ మాట మా ఆవిడ చెప్పిందా నీకు?”

సువార్త నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన ఆగలేదు, తెర మీద వేలు పెట్టాడు. “ఈ చుక్కల తీగేంటి? వాడి పెట్టెలోంచి తిన్నగా నా పెట్టెలోకి దిగుతుంది.”

“అది నిన్నటి మాటండి. ఆయన పెట్టె నిన్నేం చెప్పిందో మీ పెట్టె చెవిన వేస్తుంది. మీది నిన్నేం చెప్పిందో ఇదిగో, ఈ రెండో చుక్కల తీగ ఆయన పెట్టెకి చెప్తుంది. ఇవాళ్టి మాట ఇవ్వడానికి లేదు. తీగ గుండ్రంగా తిరిగొస్తే అల్లిక ఒప్పుకోదు. నువ్వు ముందంటే నువ్వు ముందని రెండూ ఒకదాని కోసం ఒకటి కాసుక్కూచుంటాయి.”

“నా పెట్టెకి వాడి మాటెందుకమ్మా అసలు?”

“నాకూ తెలీడం లేదండి. అది తీసేస్తే రెండూ నోరు మెదపట్లేదు. ఎందుకో వెతుకుతున్నాను.”

ఇంత చెప్తే భూషణం చెవికెక్కింది ఒక్కటే: వాడి తీగ నా పెట్టెలోకి. రెండో చుక్కల తీగ ఆయనకి కనపడలేదు. కడుపుమంట ఉన్నవాడికి చత్వారం ఒక కంటికే వస్తుంది కాబోలు.

ఊళ్ళో జనం కూడా మంచి నెయ్యే పోశారు. “పసుప్పచ్చది ఏమందిరా?” “పసుప్పచ్చది మేత ఆపమంది.” ఆకుపచ్చది ఎప్పుడూ ఏమీ అననట్టే. నిజానికి రెండూ చెప్పేవి, రెండిటి మాటా కలిపి కొలిచి చివరి పెట్టె ఫోను చేసేది. అయినా పైనున్నదాని పేరే నోటికొచ్చేది.

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు సంఘం ఆఫీసులో పడవ ఇంజిన్లకీ, తాసులకీ, వలలకీ బొట్లు పెట్టి, తెరకి కూడా బంతిపూల దండ వేశారు. భూషణం పట్టుపంచె కట్టుకుని వెళ్ళేసరికి తెర మీద, సరిగ్గా పసుప్పచ్చ పెట్టె నడినెత్తిన, రూపాయంత కుంకం బొట్టు. ఆకుపచ్చ పెట్టె బోసిగా ఉంది.

“ఎవరెట్టేరిది?”

“నేనేనండీ,” అంది పక్కనే పళ్ళెం పట్టుకున్న మంగాయమ్మ. “పైనుంది గదా అని పెట్టేను. ఏం, తప్పా?”

సువార్త గుడ్డ తీసుకుని తుడవబోయింది. “ఉండనీ అమ్మాయ్,” అన్నాడు భూషణం. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, మంగాయమ్మ ఆయనకి జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

ఆ మర్నాటినుంచీ భూషణం ఆఫీసులో శ్రద్ధగా మౌసు నేర్చుకున్నాడు. పెట్టె ఎలా జరపాలి, తీగ ఎలా ఊడదియ్యాలి అని మంచి విద్యార్థిలా అడిగాడు. ముసలాయన నేర్చుకుంటున్నాడని సువార్త మురిసిపోయి అన్నీ చెప్పింది.

నాలుగో రోజు సముద్రంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు మబ్బు కమ్మేసి సూర్యుడు మొహం చూపించలేదు. మూడో రోజు మధ్యాహ్నం సువార్త టిఫిను గిన్నె పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. భూషణం కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పసుప్పచ్చ పెట్టె మీద నొక్కాడు.

ఈ పెట్టెని తీసెయ్యమంటారా, అని అడిగింది తెర. అవునన్నాడు. దీని వల్ల అల్లిక గుర్తుపెట్టుకున్న మాటలు కూడా పోతాయి, పర్వాలేదా? అవును. పోయినవి తిరిగి రావు, నిజంగానేనా? బ్యాంకు కాగితాల మీద వేలిముద్రలు వేసే ఊపులో ఆయన మూడోది కూడా నొక్కేశాడు.

పసుప్పచ్చ పెట్టె మాయమైంది. దాని తీగలన్నీ రాలిపోయాయి. ఆకుపచ్చ పెట్టెని పట్టుకుని మెల్లగా, అపురూపంగా, పైదాకా జరిపాడు. కుంకం మరక కిందికి సరిగ్గా కుదిరేలా పెట్టాడు.

“ఇప్పుడు చెప్పరా నాయనా,” అన్నాడు.

ఆకుపచ్చ పెట్టె మీద చిన్న చక్రం ఒకటి తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది. ‘ఆలోచించి చెప్తుంది మరి,’ అనుకున్నాడు భూషణం. ‘వాడి దాన్లా తొందరపడే రకం కాదు.’

చెయ్యి కడుక్కుని వచ్చిన సువార్త గుమ్మంలోనే ఆగిపోయింది.

“బాబాయ్ గారూ! ఏం చేసేరండీ?”

“ఏం చేసేను? పనికిమాలింది తీసేను. నా పెట్టె చాలు.”

ఆ పిల్ల కుర్చీలోంచి ఆయన్ని లేపలేదు, పక్కన నిలబడే చకచకా నొక్కింది. దాచిన నకల్లోంచి పసుప్పచ్చ పెట్టె తిరిగొచ్చింది, తీగలు కూడా అతుక్కున్నాయి. కానీ దాని మీదా చక్రమే. రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతున్నాయి.

“పెట్టె వచ్చింది గాని మాట రాలేదండి,” అంది సువార్త. “నిన్నటి మాటలు పోయేయి. ఇది దాని కోసం చూస్తుంది, అది దీని కోసం చూస్తుంది. మధ్యాహ్నం ఫోన్లు ఒక్కటీ వెళ్ళలేదు. మూడు రోజులు మబ్బు పట్టి నీళ్ళలో గాలి తగ్గిపోయుంటుంది, ఇవాళే వెళ్ళాలి.”

“నువ్వే ఏదో ఒకటి రాసెయ్యి.”

“అబద్ధం రాస్తే నూట పదహారు చెరువులూ అబద్ధం మీద నడుస్తాయండి.”

“నా పెట్టెకి వాడెందుకమ్మా? నా ముక్కు నాకుంది గదా!”

సువార్త ఆకుపచ్చ పెట్టెని తెరిచింది. లోపల తేనెపట్టులా వేల పెట్టెలు, జుట్టులా సన్నని తీగలు. వాటిలో ఒకటి బొటనవేలంత లావుంది. “ఇదిగో, మీ ముక్కు. ముక్కు తీగ ఇంత లావుండటం నేనెక్కడా చూడలేదండి.”

భూషణం ఛాతీ పొంగింది. “మరి దీని పక్కన ఆ మోకులా ఉన్నదేంటి?”

“అది మీ కన్ను. అదే వెతుకుతున్నానిన్నాళ్ళూ. నీళ్ళ మీద లేదండి మీ కన్ను.” ఆ పిల్ల ఆ తీగ మీద నొక్కింది. బొమ్మ కదిలింది. మంగాయమ్మ చెరువు, అవతలి గట్టు. గట్టు మీద సోంబాబు వంగుతున్నాడు. మరో పొద్దు, మళ్ళీ సోంబాబు. చినుకుల్లో సోంబాబు. మంచులో సోంబాబు, తలగుడ్డ సర్దుకుంటూ, నోరు తెరవబోతూ. నలభై పొద్దులు, అన్నీ సోంబాబే.

“మీ ముక్కు వాసన పడుతుంది. కాని అదేంటో తేల్చుకోడానికి మీరు ఆయన వైపు చూస్తారు. ఆయన ఒకటి అంటేనే, కాదు ఇదీ అని మీకు తెలుస్తుంది.”

భూషణం పసుప్పచ్చ పెట్టె మీద వేలు పెట్టాడు. “వాడి దాన్లో?” అన్నాడు. “వాడి దాన్లో ఏముంది?”

సువార్త పసుప్పచ్చ పెట్టెని తెరిచింది. చూసింది. ఇంకోసారి చూసింది. గబుక్కున మూసేసింది. “అది ఆయన్నే అడగండి.”

ఇంతలో ఆయన ఫోను మోగింది. మంగాయమ్మ.

“ఏవండోయ్, మన చెరువులో రొయ్యలు గట్టంట వచ్చి మూతులు పైకెడతన్నాయి! ఫోను రాలేదేంటండీ? అన్నయ్య పెట్టె ఏమంది?”

భూషణం లేచాడు. సువార్త స్కూటరు తీసింది. దారి పొడుగునా రైతులు ఇళ్ళ అరుగుల మీద ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. మబ్బు కేసి చూస్తారు, ఫోను కేసి చూస్తారు. ఒక్కడూ చెరువు కేసి నడవలేదు. ముప్ఫై ఏళ్ళు రొయ్యలు పెంచిన ఊరు, ఏడాదిలో నీళ్ళలో చెయ్యి పెట్టడం మర్చిపోయింది.

చెరువు గట్టు మీద మంగాయమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని నిలబడి ఉంది. నీటి అంచున రొయ్యలు గింజుకుంటున్నాయి. ఇది పోతే ఇదే కాలవ మీదున్న పక్క చెరువు, తర్వాత దాని పక్కది.

భూషణం తూర్పు గట్టున తన చోటికి పోయి వంగాడు. దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నాడు. వాసన చూశాడు. వాసన వచ్చింది, ఏదో ఉంది, చాలా ఉంది. కానీ ఏమిటది? నాలుక చివర పేరు ఆడుతూ రానట్టు. తల ఎత్తి అవతలికి చూశాడు. పడమటి గట్టు ఖాళీగా ఉంది. మళ్ళీ ముంచాడు, మళ్ళీ చూశాడు, మళ్ళీ ఖాళీయే. బస్సు ఆపి దిగిపోయిన ముక్కు అది. చేతిలో నీళ్ళు పట్టుకుని, చెరువు గట్టున తప్పిపోయిన మనిషిలా నిలబడిపోయాడు.

“చెప్పండీ,” అంది మంగాయమ్మ. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ ముందు ఆయన్ని అడిగింది. “మీరేమంటారు?”

ఈ ప్రశ్న కోసం ఆయన ఎన్ని పొద్దులు ఎదురుచూశాడో.

“మీ అన్నయ్యని పిలు,” అన్నాడు.

సోంబాబు మోపెడ్ మీద, లుంగీ ఎగ్గట్టుకుని, సగం గడ్డం గీసుకుని సగం నురగతో వచ్చాడు. ఎవరితో మాట్లాడకుండా పడమటి గట్టున తన చోటికి పోయి, వంగి, దోసిలి పట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. వాడు ముందంటాడని వీడు, వీడు ముందంటాడని వాడు కాసుకున్నారు. ఆఫీసు తెర మీది రెండు చక్రాలకీ వీళ్ళకీ తేడా ఏమీ లేదు.

“చెప్పు బావా!” అరిచాడు భూషణం. “రోజూ నువ్వేగా ముందు!”

“నువ్వు చెప్పు.”

“నువ్వు చెప్పకపోతే నాకు తెలీట్లేదెహె!”

సోంబాబు నీళ్ళు పారబోసి లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. “నాకు వాసన తెలీదు బావా.”

“ఏంటీ?”

“తెలీదంటన్నా! పదకొండేళ్ళయింది. ఆ విషజ్వరం వచ్చింది చూడు, దాంతో పోయింది ముక్కు. చేపల పులుసుకీ పాయసానికీ నాకు తేడా లేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.”

గట్టు మీద మంగాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మరి పదకొండేళ్ళూ ఎలా చెప్పేవురా?”

“నీ మొహం చూసి,” అన్నాడు సోంబాబు. “వాసన బాగోకపోతే నీ ఎడం ముక్కుపుటం లేస్తుంది. బురద తిరగబడితే నోరు కొంచెం తెరుస్తావు. అంత దూరాన్నుంచీ కనపడుద్ది. నేను దాన్ని పట్టుకుని గట్టిగా అరిచేవాణ్ణి. నువ్వు కాదనేవాడివి. ఆ కాదనే దాంట్లో సరైంది దొరికేది.”

ఏడాదిపాటు భూషణం కుళ్ళి కుళ్ళి చచ్చిన పసుప్పచ్చ పెట్టె, మంగాయమ్మ కుంకం పెట్టిన పెట్టె, ఊరంతా మెచ్చుకున్న పెట్టె, దాని లోపల ఉన్నది ఎవరనుకున్నారు? భూషణం ముక్కే. సువార్త చూసి మూసేసింది అదే. ఆ పెట్టెలో ముక్కు తీగ లేదు. ఉన్నదల్లా ఒక మోకు, అది తూర్పు గట్టు కేసి చూస్తోంది.

“నీ పెట్టె పీకేసింది నేనే బావా,” అన్నాడు.

“తెలుసు. ఇంకెవడు పీకుతాడు?”

అంచున ఒక రొయ్య వెల్లకిలా తిరిగింది. దాని పక్కన మరోటి. “ఇప్పుడేంటండీ?” అంది సువార్త, ఫోను చేత్తో పట్టుకుని. “ఎవరో ఒకరు ముందు చెప్పాలి. నేను ఇక్కణ్ణుంచే రెండు పెట్టెలకీ ఎక్కించేస్తాను.”

ముందు చెప్పడమంటే తప్పు చెప్పే వీలు కూడా. ముప్ఫై ఏళ్ళలో భూషణం ఒక్కనాడూ ఆ పని చెయ్యలేదు. ఎవడో అన్నదాన్ని కాదనడమే ఆయన పని, కాదన్నవాడికి తప్పు రాదు. ఇన్నేళ్ళూ వాడి మీద పడి ఏడ్చింది వాడికున్న మొదటి మాట కోసం. ఆ మొదటి మాట ఎంత బరువో ఎత్తుకుంటే గాని తెలియలేదు.

ఆయన మళ్ళీ వంగాడు. కళ్ళు మూసుకున్నాడు. అవతలి గట్టు కనపడకుండా. దోసిలి ముక్కుదాకా తెచ్చుకుని ఊపిరి లోపలికి తీశాడు, ఇంకా లోపలికి. కుళ్ళిన ఆకు, తడిసిన అగ్గిపుల్ల, దాని అడుగున పాత నూతి చల్లదనం.

“అడుగు తిరగబడింది!” అరిచాడు. “మేత ఆపండి. పై నీళ్ళు వదిలి ఏటి నీళ్ళు పెట్టండి. ఫ్యాన్లన్నీ తిప్పండి!”

అంతలో పడమటి గట్టు నుంచి, అలవాటు కొద్దీ, ఆలోచన కూడా లేకుండా, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి పాత్ర మారి, సోంబాబు అరిచాడు. “కాదు బావా! అన్నీ తిప్పితే నడుమ బురదంతా పైకి లేస్తుంది! గట్టు పక్కవి తిప్పు, నడుమవి ఆపెయ్యి!”

“నడుమవి ఆపితే గాలెలా అందుద్దిరా?”

“అంచున తిప్పితే చుట్టూ నడుస్తుంది! నీకు ముక్కు ఒక్కటే ఉంది, బుర్ర లేదు!”

“నీకు రెండూ లేవు!”

భూషణం నవ్వాడో ఏడ్చాడో మంగాయమ్మకి తెలియలేదు. కాసేపు అరుచుకున్నారు. ఆ అరుపుల్లోంచి మిగిలినదాన్ని సువార్త ఫోనులోకి ఎక్కించింది. ఆఫీసులో చక్రాలు ఆగి ఉంటాయి, ఎందుకంటే కాసేపటికి దూరంగా ఒక ఇంట్లో ఫోను మోగింది. తర్వాత పక్కింట్లో. తర్వాత వీధి పొడుగునా, కాలవ అవతలా, కప్పలు అందుకున్నట్టు ఊరంతా ఫోన్లు మోగాయి. గట్ల మీదికి జనం పరిగెత్తడం కనిపించింది.

మంగాయమ్మ చెరువు సగం పోయింది. మిగతావి దక్కాయి. ఆవిడ వారం రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు, ఇద్దరికీ ఒకే కూర వండి పంపింది. ఆ కూరలో ఉప్పు వెయ్యలేదు.

ఎనిమిదో రోజు పొద్దున భూషణం ఆఫీసుకి వెళ్ళాడు. తెర మీద సువార్త పెట్టెలు రెండూ ఒకే వరసలో, పక్కపక్కన పెట్టింది. తీగలు అడ్డదిడ్డంగా పడ్డాయి, చూడ్డానికి ఏం బాగోలేదు. చుక్కల తీగల చోట ఇప్పుడు కొత్త పెట్టె ఒకటి ఉంది. ఇద్దరు మనుషులూ పొద్దున్నే గట్టున నిలబడి అరుచుకున్న మాట అందులో పడితే గాని మిగతావి కదలవు. అది లేకుండా నడిచేలా చెయ్యొచ్చండి గాని చెయ్యను, అంది ఆ పిల్ల.

భూషణం కుర్చీ లాక్కోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“అమ్మాయ్. ఒక్క మాట చెప్పు. ఆ మోకులున్నాయి గదా, మా ఇద్దరి కళ్ళవీ. వాటిల్లో ఎవరిది లావు?”

సువార్త పెదాలు బిగించి నవ్వు ఆపుకుంది. “నిన్న ఆయన కూడా వచ్చి అదే అడిగేరండి.”

“ఆఁ? ఏం చెప్పేవు వాడికి?”

“మీకు చెప్పబోయేదే.”

“అదే, ఏంటది?”

“కొలవలేదండి. కొలవను.”

భూషణం కాసేపు ఆ పిల్లని అనుమానంగా చూశాడు. ‘నాదే లావుంటుంది, నేనే వాణ్ణి ఎక్కువ చూసుంటాను, చెప్పలేక దాస్తుంది,’ అనుకుని సిగ్గుపడ్డాడు. నాలుగడుగులు వేశాక, ‘కాదు, వాడిదే,’ అనుకుని సంతోషపడ్డాడు. కాలవ వంతెన దాటేసరికి రెండూ కలిసిపోయి, కడుపులో పాత పొయ్యి హాయిగా రాజుకుంది.

మంగాయమ్మ చెరువు పడమటి గట్టున సోంబాబు అప్పటికే వంగి ఉన్నాడు. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. ఆయన పారబొయ్యలేదు, తల ఎత్తి తూర్పు గట్టు కేసే చూస్తున్నాడు.

“ఎంతసేపురా!” అని అరిచాడు.

భూషణం కావాలనే నెమ్మదిగా నడిచాడు.